పిన్ కొట్టేముందు కొట్టు చూడండి!

పట్టుచీర కొనడానికి వెళ్తే మనం ఎంత హడావిడి చేస్తాం! జరీ అసలుదేనా, రంగు దిగుతుందా, ఇంటికెళ్లాక నచ్చకపోతే మార్చి ఇస్తారా, బిల్లు ఇస్తారా... నాలుగు కొట్లు తిరిగి, ఐదో కొట్లో కూర్చుని కాఫీ కూడా తాగి, మళ్లీ మొదటి కొట్టుకే వచ్చి కొంటాం. తోటకూర కట్ట దగ్గర కూడా రెండు రూపాయలు తగ్గించమని అడగందే మనకి తోచదు. అంతటి గడుసువాళ్లం కదా, "అమ్మా, గేమ్ కొనుక్కుంటున్నా, కాస్త పిన్ కొట్టవా" అని పిల్లలు ఫోను చేతికిస్తే మాత్రం, పోపు మాడిపోతోందన్న కంగారులో ఆ నాలుగో ఆరో అంకెలు నొక్కేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు మనలో చాలామంది. ఎనిమిది వందలో, రెండు వేలో పోయాయి. ఏ కొట్లో కొన్నారు? ఎవరి పేరున కొన్నారు? నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా? ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు!

"ఆ కంప్యూటర్ గోల మనకేం తెలుస్తుందండీ, వాళ్ల నాన్న చూసుకుంటారు" అంటారు. నాన్నగారిని అడిగితే "వాడికే అన్నీ తెలుసు" అంటారు. అంటే ఇంటి డబ్బుతో జరిగే ఒక కొనుగోలుకి పదిహేనేళ్ల పిల్లవాడే యజమాని, వాడే గుమాస్తా, వాడే ఆడిటరూనూ. కొట్టు మంచిదా కాదా తెలుసుకోవడానికి మనం మగ్గం మీద నేత నేర్చుకోనక్కర్లేదు కదా! గేమ్ ఆడటం రాకపోయినా, దాన్ని అమ్మేవాడి షరతులు చదవడం మనకి వచ్చు. చీటీల లెక్కలు చూసే ఆడవాళ్లం, ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

మా ఇంట్లో ఆడేది అబ్బాయి కాదు, అమ్మాయి. పదో తరగతి. "ఆడపిల్లకి ఆటల మీద డబ్బు తగలేస్తారా" అని మా అత్తగారి ఫిర్యాదు. మా మరిది కొడుక్కి క్రికెట్ కిట్ కొన్నప్పుడు ఆవిడే దగ్గరుండి కొబ్బరికాయ కొట్టించారు. సరే, ఆ సంగతి వేరే వ్యాసం రాయాల్సినంత ఉంది. ఇక్కడ చెప్పొచ్చేదేమిటంటే, ఆవిడ భయంలో కొంత అర్థం ఉంది. గేమ్ అనగానే ఆవిడకి గుర్తొచ్చేది ఫోన్లో రమ్మీ. ఆ రమ్మీల మూలంగా కొంపలు కూలినవాళ్లని మనందరం చూశాం. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ వాటిని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. మనం మాట్లాడుకుంటున్నది అది కాదు. ఇది పుస్తకం కొన్నట్టు, సినిమా టికెట్ కొన్నట్టు... ఒకసారి ధర కట్టి ఆడుకునే ఆట. ఈ తేడా పెద్దవాళ్లకి విడమరిచి చెబితే సగం గొడవ తగ్గుతుంది. మా ఇంట్లో తగ్గింది, పూర్తిగా కాకపోయినా.

2000 ప్రాంతంలో, నేను హైస్కూల్లో ఉండగా, మా మేనమామ హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా కోఠిలో ఫుట్‌పాత్ మీద అమ్మే సీడీలు తెచ్చేవాడు. పైన స్కెచ్ పెన్నుతో 'వంద గేమ్‌లు' అని రాసి ఉండేది. అందులో పన్నెండో పదమూడో పనిచేసేవి. రోడ్ రాష్ ఆడటానికి వీధిలో పిల్లలంతా వరసలో నిలబడేవాళ్లం. ఆ సీడీ మా ఇంటి నుంచి ఎదురింటికీ, అక్కణ్ణుంచి మాస్టారుగారింటికీ తిరిగి, గీతలు పడి, చివరికి పెరట్లో కాకుల్ని బెదరగొట్టడానికి వేలాడేది. దొంగసరుకే అనుకోండి. కానీ చేతికి అందే వస్తువు.

ఇప్పుడు మనం కొనేది వస్తువు కాదు. ఇది మాత్రం ప్రతి తల్లీ తెలుసుకోవాలి. చాలా కొట్లలో మనం డబ్బు కట్టేది ఆడుకునే అనుమతికి మాత్రమే. ఇల్లు కొన్నట్టు కాదు, అద్దెకి దిగినట్టు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ విషయం మీద ఏకంగా ఒక చట్టమే చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ, డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు 'కొనండి' అని ఊరికే రాయడానికి వీల్లేదు, ఇది లైసెన్సు మాత్రమే అని కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పాలి. అందరికంటే పెద్ద కొట్టయిన స్టీమ్ 2024 అక్టోబరు నుంచే బిల్లు కట్టే చోట ఆ మాట పెట్టేసింది. మనవాళ్లెవరూ అది చదవరు. చదివి చూడండి ఒకసారి.

అనుమతి పోతే ఏమవుతుందంటారా? 'ద క్రూ' అని కార్ల పందేల ఆట ఒకటుంది. ఫ్రాన్సు కంపెనీ యుబిసాఫ్ట్ 2014లో విడుదల చేసింది. పదేళ్లు తిరక్కుండానే, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒక్కరే కూర్చుని ఆడుకునే కథ కూడా అందులో ఉన్నా, అది సర్వర్ లేకపోతే తెరుచుకోదు. డబ్బిచ్చి కొన్నవాళ్ల దగ్గర పేరు తప్ప ఆట మిగల్లేదు. ఆ కోపంలోంచే యూరప్‌లో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అని ఉద్యమం పుట్టి, 2025 జులైకి పది లక్షల సంతకాలు దాటాయి. చూశారూ? ఆటలు పిల్లల గోల అని మనం కొట్టిపారేస్తున్నాం గానీ, అక్కడ అది వినియోగదారుల హక్కు.

ఇక కొట్ల సంగతి. పెద్దవి నాలుగైదే ఉన్నాయి, భయపడకండి.

స్టీమ్‌ని వాల్వ్ అనే అమెరికా కంపెనీ 2003లో మొదలుపెట్టింది. 2015 నుంచి మనకి రూపాయల్లో ధరలు చూపిస్తోంది. నాకు దీనిలో బాగా నచ్చింది రెండు విషయాలు. ఒకటి, వాపసు. కొన్న పద్నాలుగు రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకపోతే, కారణం ఏదైనా డబ్బు తిరిగి ఇస్తారు. కట్టిన దారిలోనే రావచ్చు, లేదా ఆ కొట్లోనే మన వాలెట్‌లో వేస్తారు. ఏది కావాలో అడిగేటప్పుడు చూసుకుని నొక్కాలి. ఈ రెండు గంటల షరతు పిల్లలకి ముందే చెప్పాలి. వాళ్లు శనివారం రాత్రి కూర్చుని ఐదు గంటలు ఆడేసి, ఆదివారం పొద్దున్న "బాగాలేదమ్మా" అంటే కుదరదు. రెండోది, కొన్నవాళ్ల అభిప్రాయాలు. రాసినవాళ్లు ఆ ఆటని ఎన్ని గంటలు ఆడారో కూడా పక్కనే కనిపిస్తుంది. అరగంట ఆడి తిట్టినవాడి మాట వేరు, రెండొందల గంటలు ఆడి తిట్టినవాడి మాట వేరు. మనం కూడా పెళ్లిసంబంధాల వాకబులో ఇదే కదా చూస్తాం, చెప్పేవాళ్లకి ఆ కుటుంబం ఎన్నాళ్లుగా తెలుసని!

దీనిలో లోపం లేదా అంటే, ఉంది. ఆట తెరవాలంటే వాళ్ల ప్రోగ్రాం మన కంప్యూటర్లో పనిచేస్తుండాలి. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8 ఉన్న కంప్యూటర్లకి స్టీమ్ మద్దతు ఆపేసింది. మన చిన్న ఊళ్లలో అలాంటి పాత డబ్బాలు ఎన్ని ఇళ్లలో లేవు? ఆట పాతదే, కంప్యూటర్ పాతదే, రెండిటికీ పొసగుతుంది, మధ్యలో కొట్టువాడే కొత్తవాడైపోయాడు. ఇంకో చికాకు, ఇక్కడ కొన్న కొన్ని ఆటలు మళ్లీ ఆ కంపెనీవాళ్ల సొంత ఖాతా కూడా తెరవమంటాయి. ఆ సంగతి ఆట పేజీలో పక్కన చిన్న పెట్టెలో రాసి ఉంటుంది. చూడకుండా కొనకూడదు.

ఎపిక్ 2018 డిసెంబరులో వచ్చింది. వాపసు షరతులు ఇంచుమించు స్టీమ్ లాంటివే. వారం వారం ఒక ఆటైనా ఉచితంగా ఇస్తుంది. పిల్లలకి ఇదంటే ప్రాణం. తీసుకోనివ్వండి, తప్పులేదు, మోసమూ లేదు. కాకపోతే ఊరికే వచ్చిందని ఏది పడితే అది ఇంట్లోకి రానివ్వకూడదు. 2020 మేలో వీళ్లు ఉచితంగా ఇచ్చింది జీటీఏ-5. ప్రపంచమంతా ఎగబడితే వెబ్‌సైట్ కాసేపు పడిపోయింది కూడా. అది పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకని రాసి ఉన్న ఆట! ఆరో తరగతి పిల్లలు కూడా 'ఫ్రీ కదా' అని దించుకుని ఉంటారు. యూరప్‌వాళ్ల రేటింగు పెగీ అని ఉంటుంది. 3, 7, 12, 16, 18 అని అంకెలతో. సినిమాకి 'ఎ' సర్టిఫికెట్ చూసినట్టే ఇదీ చూడాలి. చూడటానికి అర నిమిషం పట్టదు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్‌పాస్ పద్ధతి వేరు. మా చిన్నప్పుడు వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది, గుర్తుందా? అలాంటిదే. నెలనెలా చందా కడితే వందల ఆటలు ఆడుకోవచ్చు. చందా ఆపితే అన్నీ పోతాయి. కొన్ని ఆటలు మధ్యలో జాబితాలోంచి వెళ్లిపోతాయి కూడా. ఎండాకాలం సెలవుల్లో ఒక నెలకి తీసుకుంటే బాగానే గిట్టుబాటు. పరీక్షల నెలల్లో కూడా ఆ డబ్బు కోత పడుతూనే ఉంటే దండగ. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి చందా డబ్బు తీసుకునే ఇరవై నాలుగు గంటల ముందు మనకి సందేశం రావాలి. ఆ సందేశాలు మనం చదవకుండా తుడిచేస్తుంటాం, అదీ సమస్య. అన్నట్టు, మీ పిల్లలు అడిగేది మైన్‌క్రాఫ్ట్ అయితే స్టీమ్‌లో వెతక్కండి, అక్కడ ఉండదు. మైక్రోసాఫ్ట్ దగ్గరో, ఆ ఆట సొంత వెబ్‌సైట్‌లోనో కొనాలి.

నా మనసు దోచుకున్నది మాత్రం గాగ్. పోలండ్ దేశపువాళ్లు 2008లో పాత మంచి ఆటలు అమ్మడానికి పెట్టిన కొట్టు. ఇక్కడ కొన్న ఆటకి తాళం ఉండదు. ఇన్‌స్టాల్ చేసే ఫైలుని దించుకుని, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో దాచుకోవచ్చు. రేపు ఇంటర్నెట్ లేకపోయినా, ఆ కొట్టే మూతపడినా, మన దగ్గరున్న ఫైలు మనదే. ఆవకాయ జాడీలో పెట్టుకున్నట్టు! వాపసు కూడా ముప్ఫై రోజులదాకా, ఆడినా సరే తీసుకుంటారు. మరీ ఇంత మంచితనం చూసి దాన్ని వాడుకుని ఆటలన్నీ ఆడేసి వెనక్కిచ్చే తెలివి మన పిల్లలకి నేర్పకండి. లోటేమిటంటే, అన్ని ఆటలూ ఇక్కడ దొరకవు. నేను చూసినప్పుడల్లా ధరలు డాలర్లలోనే ఉన్నాయి. కార్డు మీద కడితే బ్యాంకువాళ్లు విదేశీ మారకానికి కొంత కలుపుతారు. ఆరొందలు అనుకున్నది ఇంకాస్త పైన తేలుతుంది. ఆ తేడాకి నేను బాధపడను. ఒక్కరే కూర్చుని ఆడుకునే కథల ఆటలు, పాత ఆటలు ఇక్కడ దొరికితే ఇక్కడే కొనమంటాను. స్నేహితులతో కలిసి ఆడేవైతే, వాళ్లంతా ఏ కొట్లో ఉన్నారో చూసుకుని అక్కడే కొనాలి.

ఇక అసలు గొడవ. సగం ధరకి 'కీ'లు అమ్మే వెబ్‌సైట్లు బోలెడు. కీ అంటే అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక కోడు. అది తెచ్చి స్టీమ్‌లో వేస్తే ఆట తెరుచుకుంటుంది. వీటిలో నిజాయితీగా ఆట తయారుచేసినవాళ్ల దగ్గరే తెచ్చి అమ్మే కొట్లున్నాయి, ఎవరు పడితే వాళ్లు సరుకు తెచ్చి పెట్టే సంతలూ ఉన్నాయి. తేడా తెలుసుకోవడం ఎలా? అమ్మేవాడి పేరు చూడండి. ఆ వెబ్‌సైటే అమ్ముతోందా, లేక ముక్కూ మొహం తెలియని ఎవరో అమ్ముతుంటే వెబ్‌సైటు కమీషన్ తీసుకుంటోందా? రెండోదైతే లేచి వచ్చేయండి.

మా వీధిలో ఒకావిడ కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు, అలాంటి సంతలో రెండు వేల ఆటని ఏడొందలకి కొన్నాడు. మూడు నెలలు బాగానే ఆడాడు. ఓ రోజు పొద్దున్న చూస్తే లైబ్రరీలో ఆట లేదు. కీ రద్దయిందట. అమ్మినవాడు జవాబివ్వడు, వెబ్‌సైటు 'గడువు దాటింది' అంటుంది. ఆ ఏడొందలు వాడి తల్లి మిషను కుట్టి దాచిన డబ్బు. ఆవిడ కొడుకుని ఒక్క మాట అనలేదు. "చవగ్గా కొని నాకు డబ్బు మిగిల్చాడనుకున్నానండీ" అంది, అంతే. నాకు ఆ మాట చాలారోజులు బుర్రలోంచి పోలేదు.

కీ ఎందుకు రద్దవుతుందంటే, దొంగిలించిన క్రెడిట్ కార్డుతో ఎవడో దొంగ కీలు కొంటాడు. వాటిని సంతలో చవగ్గా అమ్మేసి అసలు డబ్బు చేసుకుంటాడు. కార్డు యజమాని బ్యాంకుకి ఫిర్యాదు చేయగానే ఆట తయారుచేసినవాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వాలి, పైన జరిమానా కూడా కట్టాలి. దాంతో ఆ కీ రద్దు చేస్తారు. 2015 జనవరిలో యుబిసాఫ్ట్ ఇలాగే ఫార్ క్రై-4 కీలు రద్దు చేస్తే కొన్నవాళ్లు లబోదిబోమన్నారు. 2020లో జీటూఏ అనే పెద్ద సంత, ఫాక్టోరియో ఆట తయారుచేసిన చిన్న కంపెనీకి, తమ దగ్గర అమ్ముడైన 198 కీలు దొంగసొత్తేనని ఒప్పుకుని 39,600 డాలర్లు కట్టింది. దొంగబంగారం కొంటే పోలీసులు మన గుమ్మం ఎక్కుతారని మనకి తెలుసు. ఇది కూడా దొంగబంగారమే, కాకపోతే కంటికి కనపడదు.

అసలు డబ్బే కట్టకుండా దించుకునే పైరసీ గురించి కూడా ఒక మాట. వైరస్‌లు వస్తాయి, బ్యాంకు పాస్‌వర్డులు పోతాయి, అవన్నీ నిజమే. కానీ నా అభ్యంతరం వేరే. నేను కథలు రాసుకునేదాన్ని. ఒక కథకి నాకొచ్చే పారితోషికం ఎంతో చెబితే మీరు నవ్వుతారు. నా కథని ఎవరైనా వాట్సాప్‌లో పేరు తీసేసి తిప్పుతుంటే కడుపు మండుతుంది. స్టార్‌డ్యూ వ్యాలీ అని వ్యవసాయం ఆట ఉంది, మా అమ్మాయికి ప్రాణం. ఎరిక్ బరోన్ అనే అతను నాలుగేళ్లకి పైగా ఒక్కడే కూర్చుని బొమ్మలూ, సంగీతమూ, కథా అన్నీ తనే చేసి 2016లో విడుదల చేశాడు. ఆ రోజుల్లో థియేటర్లో సీట్లు చూపించే పని కూడా చేశాడట. మన పుణేలో నాడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థ 2020లో 'రాజీ' అని తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్లే ఓ అమ్మాయి కథని ఆటగా చేసింది. వీళ్ల కష్టాన్ని ఊరికే దించుకుంటే నా కథ దొంగిలించినవాణ్ణి తిట్టే హక్కు నాకుంటుందా?

ఖాతా ఎవరి పేరున తెరవాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. చాలా ఇళ్లలో పిల్లలు తమ ఇష్టమొచ్చిన ఈ-మెయిల్‌తో, తప్పుడు పుట్టినరోజు వేసి తెరిచేస్తారు. స్టీమ్‌కైతే కనీసం పదమూడేళ్లు ఉండాలి. 2024 సెప్టెంబరు నుంచి స్టీమ్‌లో కుటుంబం అనే ఏర్పాటు ఉంది. ఒకే ఇంట్లోవాళ్లు ఆరుగురిదాకా చేరవచ్చు. పెద్దవాళ్ల ఖాతా ఒకటి, పిల్లలవి విడిగా. పిల్లలు ఏ ఆటలు ఆడొచ్చో, ఎంతసేపు ఆడొచ్చో మనం నిర్ణయించవచ్చు. కావలసిన ఆట వాళ్లు అడిగితే ఆ అభ్యర్థన మన దగ్గరికి వస్తుంది, మనం డబ్బు కడతాం. అక్క కొన్న చాలా ఆటలు తమ్ముడూ ఆడుకోవచ్చు. మళ్లీ కొననక్కర్లేదు. అయితే తమ్ముడు అక్క ఆటలో మోసం చేసి పట్టుబడితే అక్కకి కూడా ఆ ఆట నిషేధమే! మా ఇంట్లో పెద్దవాళ్ల ఖాతా నా పేరున ఉంది. మా వారి పేరున కాదు. గ్యాసు, కరెంటు, ఇంటిపన్ను... అన్ని కాగితాలూ ఆయన పేరునే ఉన్నాయి, ఇదొక్కటైనా నాకు ఉండనివ్వండి అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

పిన్ మాత్రం పిల్లలకి చెప్పకండి. మనమే కొట్టాలి, కొట్టేముందు ఆ తెర మీద ఎవరి పేరుందో, ఎంత అంకె ఉందో పైకి చదవాలి. ఖాతాకి ఫోన్లో వచ్చే రెండో తాళం పెట్టించండి. పిల్లల స్నేహితుల పేరుతోనే "నీకు ఫ్రీ గేమ్ వచ్చింది, ఈ లింకు నొక్కు" అనో, "పొరపాటున నీ ఖాతా మీద ఫిర్యాదు చేశాను, ఈ ఆఫీసరుతో మాట్లాడు" అనో సందేశాలొస్తాయి. ఆ స్నేహితుడి ఖాతా అప్పటికే దొంగ చేతిలో ఉంటుంది. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. వారిని అడిగి, మరిదిని అడిగి, సాయంత్రం చేద్దాంలే అంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారిపోతుంది.

తగ్గింపు ధరల కోసం దొంగ సంతలకి వెళ్లక్కర్లేదు. అసలు కొట్లలోనే జూన్ నెలాఖర్లో, డిసెంబరు నెలాఖర్లో పెద్ద తగ్గింపులు పెడతారు. కాస్త పాతబడిన ఆటలైతే సగానికీ, పావుకీ దొరుకుతాయి. 'ఈజ్ దేర్ ఎనీ డీల్' అనే వెబ్‌సైట్‌లో ఆట పేరు వేస్తే ఏ కొట్లో ఎంతకుందో, ఇదివరకు ఎంత తక్కువకి ఇచ్చారో చూపిస్తుంది. మా అమ్మాయి కావలసినవి చీటీ రాసి పెట్టుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు కొంటాం, ఒక్కోసారికి వెయ్యి రూపాయలు దాటకూడదని ఒప్పందం. మధ్యలో ఆ చీటీలోంచి సగం పేర్లు తనే కొట్టేస్తుంది. కొనేముందు ఆ ఆట మన కంప్యూటర్ మోయగలదా అన్నది కూడా తనే చూసి చెప్పాలి. కరోనా రోజుల్లో క్లాసుల కోసం కొన్న ల్యాప్‌టాప్ మాది. వంద జీబీ దాటే కొత్త ఆటలు దానికెక్కడ!

మొన్న ఈ షరతులన్నీ చదువుతుంటే ఒకటి కనబడి విస్తుపోయాను. స్టీమ్ ఖాతాని ఇంకొకరి పేరుకి మార్చడానికి వీల్లేదు. వీలునామాలో రాసినా చెల్లదని 2024లో ఒకరు అడిగితే ఆ సంస్థ జవాబిచ్చింది. మా అమ్మమ్మ దుద్దులు మా అమ్మకీ, అమ్మ నుంచి నాకూ వచ్చాయి. రేపు మా అమ్మాయికి వెళ్తాయి. నా పేరున ఉన్న ఖాతాలో తను పోగేసుకుంటున్న ఆటల్ని మాత్రం కాగితం మీద తనకి రాసివ్వలేను. అందుకని పద్దెనిమిదేళ్లు నిండాక కొనేవన్నీ తన ఖాతాలోనే కొనుక్కోమని చెప్పాను. "అప్పటికి నా జీతంతో కొనుక్కుంటాలే అమ్మా" అంది.